కండెన్సర్ కూడా అమానతే



పోయిన జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర ఒక కుర్రాడు నన్ను ఆపాడు. చేతిలో ఫోను, ఫోనులో ఒక పాత వాల్వు రేడియో ఫోటో. "చాచా, ఇది మా దాదాది. బాగు చేయిద్దామని ముగ్గురికి చూపించాను. ఒకాయన లోపలి కండెన్సర్లన్నీ తీసేసి ఆడియో గ్రేడువి వేయాలి, 14 వేలు అవుతుంది అన్నాడు. రెండో ఆయన ఒక్క ముక్క కూడా మార్చొద్దు, ఒరిజినల్ పోతే కీమత్ పోతుంది అన్నాడు. మూడో ఆయన ఇదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెడతా, 1500 చాలు అన్నాడు. ఎవరి మాట వినమంటారు?"

"ముగ్గురి మాటా వినొద్దు బేటా" అన్నాను. చెప్పులు వెతుక్కునే జనం మధ్య అంతకంటే వివరంగా చెప్పే వీలు లేకపోయింది. ఇంటికి వచ్చాక మనసు ఊరుకోలేదు. ఆ ముగ్గురిలో ఎవరూ వాడికి నిజం చెప్పలేదు. ఒకడు భయపెట్టాడు, ఒకడు జజ్బాత్‌తో ఆడుకున్నాడు, ఒకడు చేతులు దులుపుకున్నాడు. అందుకే ఇది రాస్తున్నా. కాస్త కోపంగానే రాస్తున్నా, మాఫ్ చేయండి.

మన ఇళ్ళలో కండెన్సర్ అంటే తెలియనివాళ్ళు లేరు. సీలింగ్ ఫ్యాన్ నీరసంగా తిరిగితే అమ్మీ కూడా "కండెన్సర్ గయా" అంటుంది. ఫ్యాన్లో మామూలుగా ఉండేది రెండున్నర మైక్రోఫరాడ్ల చిన్న డబ్బా. చదువుకున్నవాళ్ళు కెపాసిటర్ అంటారు, మెకానిక్‌లు కండెన్సర్ అంటారు, వస్తువు ఒకటే. రెండు లోహపు రేకులు, వాటి మధ్య కరెంటు దాటనివ్వని ఒక పొర. అంతే దాని నిర్మాణం. వాల్వు రేడియోలో ఇలాంటివి పాతిక దాకా ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో డ్యూటీ. ఒకటి కరెంటులోని అలల్ని చదును చేస్తుంది. ఒకటి స్టేషన్ పట్టుకోవడానికి సాయం చేస్తుంది. ఇంకొకటి దర్బాన్‌లాగా గుమ్మంలో నిలబడి, పాటను లోపలికి పంపి, వోల్టేజీని బయటే ఆపుతుంది.

ఆ రేడియోలు మనకు ఉత్త చెక్కపెట్టెలు కావు. నిజాం కాలంలో 1935లో దక్కన్ రేడియో మొదలైంది. హైదరాబాద్ గాలిలో ఉర్దూ వినిపించిన ఆ స్టేషన్ 1950లో ఆకాశవాణి చేతికి వెళ్ళింది. 1952 నుంచి రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గీత్‌మాలా. బుధవారం రాత్రి వీధి మొత్తానికి ఒకే రేడియో ఉంటే, ఆ ఇంటి అరుగు మీద అన్ని ఇళ్ళవాళ్ళూ కూర్చునేవారు. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి మరీ రేడియో వినే రోజులవి. ఆ పెట్టె ముందు మన దాదాలు ఖబర్లు విన్నారు, దాదీలు ఖవ్వాలీలు విన్నారు. కాబట్టి అది ఇంటి అమానత్. అమానత్‌ను చేతిలోకి తీసుకున్నవాడు, తీసుకునే ముందు దాని హక్ తెలుసుకోవాలి.

ముందు రెండో ఆయన సంగతి చెప్తా. ఎందుకంటే ఒకప్పుడు ఆ రెండో ఆయన్ని నేనే.

మా వీధి చివర ఒక ఖాలా ఉండేది. భర్త పోయి నాలుగేళ్ళు. ఆయన రేడియో బల్ల మీద గుడ్డ కప్పి పెట్టుకుంది. ఒకరోజు నన్ను పిలిపించింది. "ఉనో గయే సో దిన్ సే బంద్ హై. చాలూ కర్ దేవ్ బాబా. మగర్ అందర్ కా కుచ్ బీ నక్కో నికాలో" అంది. ఆయన పోయిన రోజు నుంచి మూగబోయింది, పాడించు, కానీ లోపలిదేదీ తీయొద్దు అని. నేనూ కరిగిపోయాను. అప్పటికి నాకు పని సగం వచ్చు, గురూర్ మాత్రం పూర్తిగా వచ్చు. వాల్వుల కాళ్ళు శుభ్రం చేశాను, తెగిన వైరు అతికాను, మైనం పూసిన పాత కాగితపు కండెన్సర్లను ఒక చవక మీటరుతో చూశాను. విలువ సరిగ్గానే చూపించింది. మాషాఅల్లాహ్, 60 ఏళ్ళయినా ఎంత గట్టి సామాను అనుకున్నాను.

రేడియో పాడింది. ఖాలా కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నాకు చాయ్ ఇచ్చింది. చాయ్ చల్లారకముందే కాలిన వాసన వచ్చింది. వెనక నుంచి చూస్తే చివరి వాల్వు లోపలి రేకు ఎర్రగా మండుతోంది. ప్లగ్గు పీకేలోపు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. భర్త పోయిన రోజు ఆగిన రేడియో, నేను ముట్టుకున్న రోజు రెండోసారి చనిపోయింది. ఆమె ఒక్క మాట అనలేదు. "కోయీ బాత్ నై బేటా" అంది. ఆ మాటకంటే చెంపదెబ్బ నయం.

ఎందుకలా జరిగిందో తర్వాత ఉస్తాద్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఇది ప్రతి పాత రేడియో ఇంట్లోనూ తెలియాలి.

నేను చెప్పిన ఆ దర్బాన్ కండెన్సర్ ఉంది కదా, దానికి ఒక పక్క ముందు వాల్వు నుంచి వచ్చే సుమారు 100 వోల్టులు ఉంటాయి. రెండో పక్క చివరి వాల్వు గ్రిడ్డు. ఆ గ్రిడ్డు మీద నేల నుంచి చూస్తే సున్నా వోల్టులు ఉండాలి. ఈఎల్ 84 లాంటి వాల్వులో క్యాథోడు కంటే గ్రిడ్డు ఏడు వోల్టుల చిల్లర కిందుంటేనే అది అదుపులో ఉంటుంది. పాత కాగితం తేమ పీల్చుకుంటుంది, మైనం బీటలు వారుతుంది, కరెంటు సన్నగా కారడం మొదలవుతుంది. ఎంత కారుతుంది? ఆ కండెన్సర్ అడ్డు 10 మెగాఓములకు పడిపోయిందనుకోండి. గ్రిడ్డు దగ్గర 1 మెగాఓము రెసిస్టర్ ఉంటే, 100 వోల్టుల్లో పదకొండో వంతు, అంటే 9 వోల్టులు గ్రిడ్డు మీదికి ఎక్కుతాయి. వాల్వు పగ్గం తెగినట్టే. అది కరెంటు విపరీతంగా లాగుతుంది, తాను ఎర్రబడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌ను కాలుస్తుంది, రెక్టిఫయర్‌నూ లాక్కుపోతుంది.

నా చవక మీటరు ఆ కండెన్సర్‌ను పరీక్షించింది ఒకటి రెండు వోల్టులతో. అది పనిచేసేది 100 వోల్టుల కింద. తక్కువ వోల్టేజీతో చూస్తే కారడం కనబడదు. పైగా కారే కండెన్సర్ కొన్ని మీటర్ల మీద ఉన్నదానికంటే ఎక్కువ విలువ చూపించి మనల్ని ఇంకా ఖుషీ చేస్తుంది. బీపీ చూడకుండా ముఖం చూసి "సేహత్ బాగుంది" అనే హకీం లెక్క నాది.

అందుకే "ఒరిజినల్ తీయొద్దు" అనే పెద్దమనుషులతో నేను ఇప్పుడు గట్టిగా తగువు పడతాను. భాయ్, కండెన్సర్ అరిగే వస్తువు. చెప్పు అడుగు లాంటిది, దీపంలో వత్తి లాంటిది. తయారు చేసిన ఇంజనీరుకు అది శాశ్వతమని ఎన్నడూ అనిపించలేదు. వత్తి మార్చితే దీపం నకిలీ అయిపోతుందా?

వీళ్ళలోనే ఇంకొక రకం, "పాత స్టాకు, ఎన్నడూ వాడనిది, డబ్బాలోదే" అని 1960ల నాటి కండెన్సర్లను ముత్యాల ధరకు అమ్మేవాళ్ళు. వాడనిది అంటే కొత్తది అని కాదు. ముద్ర విప్పని మందు సీసా అయినా తారీఖు దాటితే తారీఖు దాటినట్టే. తేమ కాగితంలోకి ఎక్కడానికి రేడియో ఆన్‌లో ఉండాల్సిన పని లేదు. ఎలక్ట్రోలిటిక్ రకంలో అయితే కరెంటు ఆపే పొర అల్యూమినియం రేకు మీద సన్నటి ఆక్సైడు. ఏళ్ళ తరబడి వోల్టేజీ లేకుండా పడి ఉంటే ఆ పొర బలహీనపడుతుంది, లోపలి ద్రవం ఎండుతుంది. అలాంటిదాన్ని ఒక్కసారిగా 300 వోల్టులకు కలిపితే వేడెక్కి పగిలిపోవచ్చు.

"కొత్తవి వేస్తే ఆ పాత తియ్యదనం పోతుంది" అంటారు. ఆ తియ్యదనం వాల్వుది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ది, పెద్ద కాగితపు స్పీకర్‌ది, చెక్క పెట్టెది. కారిపోయే కండెన్సర్ ఇచ్చేది గొంతు బొంగురు, వెనకనుంచి ఆగని గుంయ్ మనే శబ్దం. మా నానీకి పంటి నొప్పి ఉన్నప్పుడు ఆమె మాట వేరేగా వినిపించేది. పన్ను తీయించాక నానీ మారిపోయిందని మేమెవరమూ అనలేదు.

నిషానీ పోకూడదు అంటారా, దానికీ దారి ఉంది. తీసిన ప్రతి పాత కండెన్సర్‌నూ ఒక గుడ్డసంచిలో వేసి, పేరు తారీఖు రాసిన చీటీతో రేడియో పెట్టెలోనే, వేడి తగలని మూల కట్టి ఉంచండి. ఇంకా షౌక్ ఉంటే పాత కాగితపు గొట్టాన్ని ఖాళీ చేసి కొత్త చిన్న కండెన్సర్‌ను దాని లోపల దాచి, చివర్లు మైనంతో మూయొచ్చు. పైకి దాదా కాలంనాటి ముఖం, లోపల నేటి ప్రాణం. నూనె నింపిన పాత లోహపు డబ్బాలను మాత్రం కోయొద్దు. కొన్నింటిలోని నూనె విషం.

ఇప్పుడు 14 వేల ఆయన దగ్గరికి వద్దాం.

ఈయన దుకాణంలో కండెన్సర్లకు సోకులెక్కువ. బంగారు రంగు గొట్టాలు, వెండి రేకులు, దూరదేశపు పేర్లు. ఒక్కోటి వేలల్లో. ఇది వేస్తే గాయకుడి శ్వాస కూడా వినపడుతుంది అంటాడు. సుబ్‌హానల్లాహ్! భాయ్, ఇది మీడియం వేవ్ రేడియో. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్. పక్క స్టేషన్ కలవకుండా ఉండాలంటే రేడియో అటూ ఇటూ నాలుగున్నర కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీయక తప్పదు. అంతకంటే సన్నటి శబ్దం స్పీకర్ దాకా రానే రాదు. రాని శబ్దాన్ని వినిపించడానికి వెండి రేకు దేనికి? బావిలో నీళ్ళు లేకపోతే చేంతాడు పట్టుదైతే ఏమిటి, నులకదైతే ఏమిటి?

ఆ చోట కావలసింది మామూలు ఫిల్మ్ కండెన్సర్. పాలిప్రొపైలీన్ గానీ పాలియెస్టర్ గానీ, 630 వోల్టులది. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళండి, ఒక్కోదానికి ఒక ప్లేటు టిఫిన్ ఖర్చు కూడా కాదు. అది కారదు, తేమ పీల్చదు. మన వుజూ దగ్గర నీళ్ళు ఎక్కువ పోస్తే పిల్లల్ని "ఇస్రాఫ్ నక్కో కరో" అని మందలిస్తాం. ఆ ఇస్రాఫ్ మాట ఈ బంగారు గొట్టాల దుకాణం మెట్లు ఎక్కేసరికి ఎందుకు మర్చిపోతాం?

ఇన్సాఫ్‌గా మాట్లాడాలి కాబట్టి ఇదీ చెప్తా. ఖర్చు పెట్టాల్సిన చోట్లు ఉన్నాయి. రికార్డు ప్లేయర్ సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను సరిచేసే సర్క్యూట్‌లో విలువ కచ్చితంగా ఉండాలి, అక్కడ ఒకటి రెండు శాతం తేడా మించని ఫిల్మ్ రకం కొనండి. పెద్ద స్పీకర్ పెట్టెల లోపల ధ్వనిని పంచే కండెన్సర్లు ఎండిపోతే ధ్వని మారుతుంది, అక్కడా మంచివి వేయండి. స్టేషన్ పట్టే భాగంలో ఉండే మైకా కండెన్సర్లను అయితే అవి పాడైనట్టు తేలితే తప్ప ముట్టుకోవద్దు. అవి సాధారణంగా మనకంటే ఎక్కువ కాలం బతుకుతాయి. చవక సిరామిక్ బిళ్ళలను పాట వెళ్ళే దారిలో పెట్టొద్దు. వాటిలో చాలా రకాల విలువ వోల్టేజీతో పాటు మారుతుంది, తడితే శబ్దం కూడా చేస్తాయి. చూశారా, ప్రతిచోటా ప్రశ్న ఒకటే: దీని డ్యూటీ ఏమిటి? ధర ఎంత అన్నది ఆ తర్వాతి మాట.

కుర్రాడు చెప్పని నాలుగో ఆయన కూడా ఉన్నాడు. మన వీధుల్లో ఎక్కువ కనబడేది ఈయనే. డ్రాయర్ లాగి చేతికి అందింది వేసేస్తాడు. "విలువ సరిపోయింది కదా భాయ్, నడుస్తుంది" అంటాడు.

నడుస్తుంది. ఎన్ని రోజులు? పాత రేడియోలో ట్రాన్స్‌ఫార్మర్ 250 వోల్టులు ఇస్తే, దాని శిఖరం 250ని 1.414తో హెచ్చిస్తే వచ్చేది, అంటే సుమారు 353 వోల్టులు. వాల్వులు వేడెక్కి కరెంటు తాగడం మొదలెట్టేలోపు ఎలక్ట్రోలిటిక్ మీదికి దాదాపు అంత వోల్టేజీ ఎక్కొచ్చు. వెనక ఉన్న వోల్టేజీ బిళ్ళ 220 దగ్గర ఉండి, మీ వీధిలో 240 వస్తుంటే ఇంకా పైకి పోతుంది. అక్కడ 350 వోల్టుల కండెన్సర్ వేస్తే అది కత్తి అంచున నడుస్తున్నట్టే. 450 వోల్టులది వేయాలి. బిళ్ళను 240కి దగ్గరి మెట్టు మీదికి మార్చాలి.

మైక్రోఫరాడ్ల విషయంలో కంగారు పడొద్దు. పాత 32 దొరకకపోతే 33, పాత 50 బదులు 47, పాత 0.05 బదులు 0.047 వేయొచ్చు. పాత ఎలక్ట్రోలిటిక్‌ల అసలు విలువే రాసినదానికి చాలా అటూ ఇటూ ఉండేది. కానీ "ఎక్కువ వేస్తే గుంయ్ శబ్దం అసలే రాదు" అని మొదటి కండెన్సర్‌ను 220కి పెంచే మొనగాళ్ళు ఉన్నారు. రెక్టిఫయర్ వాల్వుకు ఒక హద్దు ఉంటుంది. ఈజెడ్ 80కి ఆ హద్దు 50 మైక్రోఫరాడ్లు. దాటితే ఆన్ చేసిన ప్రతిసారీ దాని గుండె మీద దెబ్బ కొట్టినట్టే.

వేడి లెక్క కూడా వినండి, మన ఎండల్లో ఇది ముఖ్యం. ఎలక్ట్రోలిటిక్ మీద 85 డిగ్రీలు అనో 105 డిగ్రీలు అనో రాసి ఉంటుంది. ఆ వేడిలో 2000 గంటలు బతుకుతుంది అనుకుంటే, వేడి 10 డిగ్రీలు తగ్గిన కొద్దీ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. రేడియో పెట్టె లోపల 65 డిగ్రీలు అనుకోండి. 85 రకం 8000 గంటలు, 105 రకం 32000 గంటలు. రోజుకు రెండు గంటలు వింటే మొదటిది 11 ఏళ్ళు, రెండోది 44 ఏళ్ళు. ఇది కాగితం మీది లెక్కే, రబ్బరు మూత ఎండిపోవడం లాంటివి వేరే ఉన్నాయి. అయినా రెండింటి ధరలో తేడా చిల్లర డబ్బులు. ఆ చిల్లర కోసం 105 వదిలి 85 వేసేవాడిని ఏమనాలి?

ఇక నాకు నిజంగా నిద్ర పట్టనివ్వని సంగతి. కొన్ని పాత రేడియోలలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. వాల్వుల పేర్లు ఇంగ్లీషు యూ అక్షరంతో మొదలవుతాయి. వాటిలో లోపలి ఇనుప చట్రం నేరుగా గోడలోని కరెంటు వైరు ఒకదానికి కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిరగేసి పెడితే చట్రం మొత్తం ఫేజు. అప్పుడు పిల్లల చేతికీ, 230 వోల్టులకూ మధ్య ఏరియల్ సాకెట్ దగ్గర ఉండేది ఒక్క చిన్న కండెన్సర్. అది 1 నానోఫరాడ్‌ది అయితే దానిగుండా పోయే కరెంటు మిల్లీ ఆంపియర్‌లో పద్నాలుగో వంతు, తెలియను కూడా తెలియదు. అదే చోట డ్రాయర్లో దొరికింది కదా అని 0.1 మైక్రోఫరాడ్ వేస్తే 7 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది. ఆ కండెన్సర్ షార్టయితే ఇక లెక్క లేదు, పూర్తి కరెంటే. అక్కడ వై2 అని ముద్ర ఉన్న రకమే వేయాలి. అది పాడైనా షార్టు కాకుండా ఉండేలా తయారు చేస్తారు. మెయిన్స్ రెండు వైర్ల మధ్య వేసేది ఎక్స్2 రకం. 630 వోల్టులని రాసి ఉన్న మామూలు ఫిల్మ్ అక్కడ చాలదు, ఎందుకంటే ఆ 630 డీసీ లెక్క. ఈ తేడా తెలియనివాడు పాత రేడియో ముట్టుకోవడం నాకు సమ్మతం కాదు. తెలిసీ వేసేవాడి సంగతి అల్లాహ్ చూసుకుంటాడు.

బజారులో నకిలీలూ ఉన్నాయి. పెద్ద డబ్బా, దాని లోపల చిన్న డబ్బా. పైన ప్లాస్టిక్ తొడుగు మీద 100 మైక్రోఫరాడ్లు 450 వోల్టులు అని కొత్త అచ్చు, లోపల 22. తూకంలో మోసం చేసేవాళ్ళ పేరుతో ఖురాన్ షరీఫ్‌లో ఒక సూరానే ఉంది, సూరా ముతఫ్ఫిఫీన్. బియ్యం తరాజు ముందు ఆ మాట గుర్తుకొస్తుంది మనకు. మైక్రోఫరాడ్ కూడా ఒక తూకమే భాయ్. సరుకులో ఐబ్ ఉంటే చెప్పి అమ్మాలని మక్తబ్‌లో నేర్చుకున్నాం. సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నాక ఆ పాఠం మాఫ్ అయిపోదు.

బ్లూటూత్ ఆయన గురించి రెండే మాటలు. పాడైపోయి, ట్రాన్స్‌ఫార్మర్లు లేని, వాల్వులు పగిలిన పెట్టెలో బోర్డు పెట్టుకుంటే నాకు తగువు లేదు. కానీ 20 కండెన్సర్లు మార్చితే పాడే రేడియోను, పని రాక, ఓపిక లేక గుల్ల చేసి, "ఇది ఇక బాగు కాదు" అని చెప్పడం అబద్ధం. అబద్ధానికి తోడు, పీకిన వాల్వులూ ట్రాన్స్‌ఫార్మరూ ఎక్కడికి పోతున్నాయో ఎప్పుడైనా అడిగారా? అవి మీవి. తిరిగి అడగండి.

ఇంతవరకు మెకానిక్‌లను తిట్టాను. ఇప్పుడు మన వంతు. ఇది చదివే ఇళ్ళవాళ్ళకు కొంచెం చేదుగా ఉంటుంది.

ఆ 14 వేల మాట ఎందుకు పుట్టింది? మన వల్లే. నా ఉస్తాద్ మూడు రోజులు కూర్చుని ఒక రేడియో బాగు చేసి, సామాను 400, మజూరీ 2000 అంటే, "నాలుగు వందల సామానుకు రెండు వేల మజూరీనా?" అని బేరమాడిన ఘనులం మనం. అదే ఆయన సామాను 2300, మజూరీ 100 అని ఉంటే కిక్కురుమనకుండా ఇచ్చేవాళ్ళం. ఇల్మ్‌కు విలువ ఇవ్వం, డబ్బాకు ఇస్తాం. అందుకే తెలివైనవాడు తన మజూరీని కండెన్సర్ ధరలో దాచడం నేర్చుకున్నాడు. బంగారు రంగు ఆ దాచడానికి వేసిన పరదా. ఉస్తాద్ పరదా వేయడం నేర్చుకోలేదు. చివరికి దుకాణం మూసేశాడు. ఆయన చేతిలోని హునర్ ఏ షాగిర్ద్‌కూ పూర్తిగా అందలేదు, నాకు కూడా.

కాబట్టి మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు మజూరీ ఎంత అని విడిగా అడగండి, అడిగినంత సంతోషంగా ఇవ్వండి. రిజ్క్ హలాల్‌గా సంపాదించే అవకాశం అతనికి మనమే ఇవ్వాలి. ఆ తర్వాత మీ హక్‌గా ఇవి అడగండి. చివరి వాల్వు గ్రిడ్డు ముందున్న కండెన్సర్ మార్చావా? ఎలక్ట్రోలిటిక్‌లు ఎన్ని వోల్టులవి, ఎన్ని డిగ్రీలవి? మెయిన్స్, ఏరియల్ దగ్గర ఎక్స్2, వై2 వేశావా? కొత్తవాటిని వేసే ముందు మీటరు మీద కొలిచావా? మొదటిసారి నేరుగా ప్లగ్గులో పెట్టావా, సిరీస్ బల్బు మీద పెట్టావా? పాతవి ఏవీ? ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పేవాడు మీ మెకానిక్. విసుక్కుంటే సలాం చెప్పి రేడియో ఎత్తుకుని వచ్చేయండి.

ఇంట్లో స్వయంగా చేద్దామనుకునే పిల్లలకు ఒక్క మాట. ప్లగ్గు పీకాక కూడా పెద్ద కండెన్సర్లో 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేయొద్దు. 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో పట్టించి కొన్ని సెకన్లు ఉంచి, మీటరుతో సున్నా చూశాకే చేయి పెట్టండి. మార్చేముందు ఫోటో తీసుకోండి, ఒక్కొక్కటే మార్చండి, ప్లస్ మైనస్ రెండుసార్లు చూడండి. పక్కన ఇంకొక మనిషి లేకుండా ఎన్నడూ చేయొద్దు.

ఖాలా రేడియో ఏమైందని అడుగుతారేమో. ట్రాన్స్‌ఫార్మర్‌ను నా డబ్బుతో చుట్టించాను. వాల్వు కోసం జుమేరాత్ బజార్‌లో ఐదు గురువారాలు తిరిగాను. ఈసారి ఖాలా ముందు కూర్చుని, తీస్తున్న ప్రతి కండెన్సర్‌నూ ఆమె అరచేతిలో పెట్టి, ఇది ఎందుకు తీస్తున్నానో చెప్పి, ఇజాజత్ తీసుకుని మార్చాను. 17 కండెన్సర్లు. అన్నింటి ఖర్చూ కలిపినా వాల్వు ధరలో సగం లేదు. మొదట సిరీస్ బల్బు మీద పెట్టాను. బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా మసకబారింది. గ్రిడ్డు మీద మీటరు పెట్టి చూశాను, సున్నా. అప్పుడు గానీ నేను ఊపిరి తీసుకోలేదు.

పాతవాటిని ఆమె తన పాత దుపట్టా ముక్కలో మూట కట్టి రేడియో లోపలే పెట్టించింది. మొదటి రోజే నేను ఆమెను అడిగి, నచ్చజెప్పి ఉంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలేది కాదు. ఆమె "తీయొద్దు" అన్నప్పుడు నేను తలూపింది అదబ్‌తో కాదు, తెలియక. తెలియనప్పుడు తెలియదని చెప్పడం కూడా అమానత్‌లో భాగమే.

మస్జిద్ మెట్ల దగ్గర ఆపిన బేటా, నువ్వు ఇది చదువుతుంటే, వచ్చే ఆదివారం అస్ర్ తర్వాత దాదా రేడియో తీసుకుని మా ఇంటికి రా. మజూరీ ముందే మాట్లాడుకుందాం.

వస్సలాం.